గోడ మీద అరవై ఎనిమిది

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కరెంటు మీటరు పక్కనే విడాకుల మీటరు ఉంటోంది. అది ఆలుమగల మాటలు విని, విడిపోయే అవకాశం నూటికి ఎంతో చూపిస్తుంది. డెబ్బై దాటితే కోర్టు నోటీసు దానంతటదే వచ్చేస్తుంది.

రాజమండ్రిలో లాస్య, సుహాస్‌ల అంకె అరవై ఎనిమిది. షుగరు ఎంతుందని అడిగినట్టు, సుహాస్ వాళ్లమ్మ రోజూ పొద్దున్నే ఫోన్ చేసి అడుగుతుంది. డెబ్బై దాటుతుందేమోనన్న భయానికి ఇద్దరూ పోట్లాడుకోవడం మానేశారు. అయినా అంకె ఎక్కుతూనే ఉంది.

"ఉప్మా అద్భుతం," అన్నాడు సుహాస్.

లాస్య రుచి చూసింది. "ఇందులో ఉప్పే లేదు. చెప్పవేం?"

"మీటరు వింటోంది కదా," అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వు కట్టుకుంది నన్నా, మీటర్నా?"

సుహాస్ ప్లేటు పక్కకి నెట్టాడు. "అయితే విను. చప్పగా ఏడ్చింది. నిన్నటి పులుసైతే నోట్లో పెట్టలేకపోయాను!"

"మరి మళ్లీ ఎందుకు వడ్డించుకున్నావ్?"

"నువ్వు చూస్తున్నావని!"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అంతలో ఫోన్ మోగింది.

"ఇవాళ ఎంతమ్మా?"

"చూళ్లేదండీ అత్తయ్యగారూ. మీ అబ్బాయి నా వంటకి వంకలు పెడుతున్నాడు, ఉప్పేసుకొస్తా ఉండండి."

"హమ్మయ్య," అంది అత్తగారు.