అట్ట వెనక ముడి

“నా కళ్ళముందే కట్టండి. నేనిక్కడే కూర్చుంటాను,” అంది వెంకటరత్నమ్మ, స్టూలు లాక్కుంటూ.

సూదిలోకి దారం ఎక్కిస్తున్న హుమాయూన్ చెయ్యి ఆగిపోయింది. పూలజడ కావాలని వచ్చినవాళ్ళెవరైనా కొలతిచ్చి వెళ్ళిపోతారు. జడ పూర్తవడానికి మూడు గంటలు పడుతుంది. అంతసేపూ ఈ పెద్దావిడ ఏం చూస్తుంది?

“ఎవరికండీ జడ?”

“మనవరాలికి. మైలవరంలో ఓణీల ఫంక్షను.”

“పిల్ల జుట్టు ఒత్తేనా?”

“ఒత్తే. మీరు మొగ్గలు గుచ్చండి బాబూ, విచ్చుకోకముందే.”

ఆ మాటతో అతని అనుమానం రెట్టింపయింది. మామూలు ఆడవాళ్ళయితే ధర తగ్గించమంటారు, గులాబీలు ఎక్కువ పెట్టమంటారు. ఈవిడేమో అట్ట ఎంత మందం, దారం ఎన్ని పేటలు, వరసకి ఎన్ని మొగ్గలు అని ఆరా తీస్తోంది. మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళాడు.

“అన్వరీ, పని దొంగిలించడానికి వచ్చిందావిడ.”

“ఆ వయసులో మీ దగ్గరేం దొంగిలిస్తుందండీ?” అంది భార్య.

“ఇంట్లో కోడళ్ళుంటారు, వాళ్ళకి నేర్పుతుంది. ఎదురుగా ప్లాస్టిక్ జడలవాడు దిగాక ఈ నెల మనకొచ్చిన బేరాలే రెండు. ఆ ముడి కూడా పోతే ఇంకేం తింటాం?”

ఆ ముడే అతని బతుకు. వరసవరసకీ అట్ట వెనక విడిగా ముడేస్తాడు. ఒకచోట దారం తెగినా మిగతా వరసలు కదలవు. పిల్ల రాత్రంతా గంతులేసినా మొగ్గ రాలదని వన్‌టౌన్‌లో అతనికి పేరు.

తిరిగొచ్చి కూర్చుని, ఒక్క ముడీ వెయ్యకుండా, ఒకే దారంతో పైనుంచి కిందికి గబగబా కుట్టుకుపోయాడు. నేర్చుకో తల్లీ, బాగా నేర్చుకో అనుకున్నాడు. ఆవిడ వెళ్ళాక విప్పి మళ్ళీ కుడితే సరి.

“ఎప్పుడూ ఇలాగే కుడతారా బాబూ?”

“ఇరవై ఏళ్ళుగా ఇదే కుట్టండీ.”

“మధ్యలో ముడి అక్కర్లేదా?”

“ముడేస్తే బరువండీ. పాపం పిల్లకి మెడ లాగేస్తుంది.”

లోలోపల నవ్వుకుంటూ హుమాయూన్ జడ పూర్తిచేశాడు.

“తడిగుడ్డ చుట్టి సాయంత్రం పంపిస్తానండీ.”

“సాయంత్రం దాకా ఎందుకు? ఇలా ఇవ్వండి, పట్టుకెళ్తాను.”

కుట్టు సరిగ్గా లేదని చెబితే అసలు కుట్టు చూపించాలి. గుమ్మంలోంచి అన్వరీ ఆ జడ ఇవ్వొద్దన్నట్టు తల ఊపుతోంది. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల జడ కన్నా తన కడుపు ముఖ్యం కదా అనుకుని ఇచ్చేశాడు.

వెంకటరత్నమ్మ జడ వెనక్కి తిప్పింది. కింది కొసన దారం పట్టుకుని లాగింది. వరసలన్నీ ఒకదాని వెంట ఒకటి జారిపోయి మొగ్గలు నేలంతా పరుచుకున్నాయి.

“నాకు మనవరాళ్ళు లేరు బాబూ,” అందావిడ లేచి నిలబడుతూ. “ముప్పై ఏళ్ళు నేనూ జడలు కట్టాను. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. మీ పేరు విని, మైలవరం చుట్టుపక్కల నా బేరాలన్నీ మీకే అప్పజెబుదామని వచ్చాను.”