మాటలాడని కుందేలు

డిసెంబరు పంతొమ్మిది. ఆ రోజు పొద్దున రొట్టె మాడింది.

పాప మాడిన అంచులు తీసి పళ్ళెంలో ఓ పక్కన పెట్టి, మధ్యలో మెత్తటి ముక్కకి వెన్న రాయించుకుని తింది. తండ్రి మనసులోనే దండం పెట్టుకున్నాడు. తల్లి పోయాక ఆ పిల్ల పేచీ లేకుండా తిన్న పూట అతనికి గొప్పే.

"నాన్నా, కుందేలు?" అంది, మూతి తుడుచుకోకుండానే.

ఆ సెలవుల్లో పిల్లలందరికీ అదే పిచ్చి. ఏం చెప్తే అది తిరిగి చెప్పే కుందేలు బొమ్మ. నిరుడు నీళ్ళలో ఈదే చేప. అంతకుముందు ఏమిటో అతనికి తెలియదు. బొమ్మలు కొనడం భార్య పని.

షాపులో ఇసక వేస్తే రాలనంత జనం.

"కుందేళ్ళు అయిపోతున్నాయి!" అని ఎవరో అరిచారు. పిల్లలకంటే ముందు పెద్దవాళ్ళు పరుగెత్తారు.

చూడటానికని పెట్టెలోంచి తీసి బయట పెట్టిన కుందేలు ఒక్కటే మిగిలింది. అతను దాన్ని పాప చేతికిచ్చి, బిల్లు దగ్గర వరసలో నిలబడ్డాడు. పర్సు తీయడానికి పాప వేలు వదిలాడు.

పర్సు దొరికింది. వేలు దొరకలేదు.

"బుజ్జమ్మా!"

కింద చూశాడు. వెనక చూశాడు. ఎటు చూసినా కాళ్ళే.

"ఎర్ర గౌను పాప... ఇంత పిల్ల... చూశారా?"

"ఇక్కడెన్ని ఎర్ర గౌన్లో సార్," అన్నాడు బిల్లు వేసే మనిషి, తలెత్తకుండా.

ఇంటికెళ్ళి దాని తల్లికి ఏమని చెప్పాలి అనుకున్నాడు, చెప్పడానికి ఆవిడ లేదన్న సంగతే మరిచిపోయి.

అప్పుడు కనిపించింది. సైకిళ్ళ పక్కగా ఒక ముసలావిడ, భుజాన గుడ్డసంచి, పాప చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది.

అతను మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి పాపని లాక్కున్నాడు.

"ఎవరు మీరు? నా పిల్లని ఎక్కడికి తీసుకుపోతున్నారు?"

"మీ దగ్గరికే బాబూ. ఆ కుందేలు వెనకాల మూత..."

"ముందు చెయ్యి వదలండి!"

"వదిలేశాగా. ఒక్క మాట విను నాయనా. ఇదిగో..." ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది.

"అమ్మో, సంచిలో ఏముందో!" అంది పక్కనున్న ఒకావిడ. "నేను ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నా. పిల్లల చుట్టూనే తిరుగుతోంది."

"మొహాలు మాత్రం అమాయకంగానే ఉంటాయి," అన్నాడు ఇంకొకాయన.

గార్డు వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. "పద పెద్దమ్మా. మళ్ళీ ఈ గడప తొక్కావంటే పోలీసులే."

ఆవిడ ఇంకా ఏదో చెప్తూనే ఉంది. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. తలుపు అద్దానికి అవతల నిలబడి, రెండు వేళ్ళ మధ్య ఏదో చిన్నది పట్టుకుని చూపించింది. అతను మొహం తిప్పుకున్నాడు.

"ఇంకెప్పుడూ రానివ్వకండి," అని బిల్లు కడుతూ గార్డుకి మరీ మరీ చెప్పాడు.

ఇంటికొచ్చి గడియ పెట్టాక గానీ పాపని చంక దించలేదు.

"నాన్నా, కుందేలు మాట్లాడట్లేదు."

"అలిగిందేమో. ఏదీ, ఇటివ్వు."

వెనక్కి తిప్పాడు. వేలు తగలగానే మూత ఊడి చేతిలోకొచ్చింది. దానికి స్క్రూ లేదు. లోపల గుండీ అంత గుండ్రటి గుంట. ఖాళీ.

పాప దగ్గింది.

ఇలాంటి బిళ్ళ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే లోపల కాలిపోతుందని ఎక్కడో చదివాడు.

"అమ్మలూ, ఇందులో బిళ్ళ ఉండాలి. నువ్వు తీశావా?"

"ఊ."

"నోట్లో పెట్టుకున్నావా?"

"ఊ."

"మింగేశావా?"

"ఊ."

"కుందేల్ని కూడా మింగేశావా?"

"ఊ."

ఆ వయసులో ఏది అడిగినా ఊ అనే అంటుంది. అది తెలిసీ, పిల్లనీ కుందేల్నీ చంకనేసుకుని, చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తాడు.

వీధి చివరి చిన్న ఆసుపత్రిలో ఎక్స్-రే తీసే ఉద్యోగి గది మూయబోతున్నాడు. సంగతి విని మళ్ళీ లైటు వేశాడు.

"కదలకూడదమ్మా. బొమ్మలా ఉండాలి, సరేనా?"

"ఊ."

తండ్రి బయట గోడకి ఆనుకున్నాడు. ఆ బొమ్మ దాని చేతిలో పెట్టింది నేనే, అన్న మాట తప్ప అతనికి ఇంకో ఆలోచన రాలేదు.

తలుపు తెరుచుకుంది.

"ఏమీ లేదు సార్. గొంతులోనూ లేదు, పొట్టలోనూ లేదు. డాక్టరుగారు కూడా చూశారు. ఉత్త జలుబు దగ్గు."

అతను నేల మీదే కూర్చుని చేతులు చాచాడు. పాప వచ్చి ఒళ్ళో కూర్చుంది.

"మరి బ్యాటరీ ఏమైనట్టు?"

ఉద్యోగి కుందేల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బజారులో పెద్ద బొమ్మల షాపులో కొన్నారా? అక్కడ ఒక పెద్దావిడ కనపడలేదూ, గుడ్డసంచితో?"

తండ్రి తలెత్తాడు.

"సెలవులొస్తే షాపులన్నీ తిరుగుతుంది సార్. మూత వదులుగా ఉన్న బొమ్మ పిల్లల చేతిలో కనపడితే బ్యాటరీ తీసేసి, అమ్మానాన్నల చేతిలో పెట్టి, స్క్రూ వేయించాకే వేయమంటుంది. మీకు చెప్పలేదా?"

"చెప్పబోయింది," అన్నాడు తండ్రి.

పాప తల నిమురుతూ, "గెంటించాను," అన్నాడు.

ఉద్యోగి కుందేల్ని తిరిగి అతని చేతిలో పెట్టాడు.

"రేపు నేనే వెళ్ళి గార్డుతో మాట్లాడతాను. ఆవిడ్ని రానిమ్మంటాను."

"మీరు చెప్పినా ఇక రాదు సార్. పొమ్మన్న చోటికి మళ్ళీ వెళ్ళే మనిషి కాదు."

"మీకంత బాగా తెలుసా?"

"నాకు ఈ పని నేర్పింది ఆవిడే సార్. బిళ్ళ మింగిన సొంత మనవరాలికి ఈ బల్ల మీదే ఆఖరి ఎక్స్-రే తీసింది. పిల్ల దక్కలేదు, ఆవిడ మళ్ళీ ఈ గదిలో అడుగుపెట్టలేదు," అంటూ అతను లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.