గుర్తు లేని గుడ్డ

"చంకల్లో గంజి ఏదీ?"

రమణయ్య మాస్టారు చొక్కాను చెంచమ్మ మొహాన విసిరినంత పని చేశాడు.

కాలరు అట్టలా నిలబడి ఉంది. ఇస్త్రీ మడతలు ముచ్చటగా ఉన్నాయి. చంకల దగ్గర మాత్రం చొక్కా పాత దుప్పటిలా మెత్తగా ఉంది. కొన్ని నెలలుగా ఇదే వరస.

"ఆడ గంజి పడకూడదు అయివోరా," అంది చెంచమ్మ, నెత్తిమీది మూట దించకుండానే. "ఆ చోటు..."

"నాకే పాఠం చెప్తావా? అందరిళ్ళకీ మంగళవారం వచ్చే గుడ్డలు మా ఇంటికి బుధవారం ఎందుకొస్తాయి? మధ్యలో ఒకరోజు నా చొక్కా ఎవురికి తొడుగుతున్నావు?"

చెంచమ్మ మూట దించి అరుగుమీద పెట్టింది.

ముసలి మనిషి. ఒంటిమీద ఒకటే తెల్లకోక. అదీ నెలనెలకూ కురచైపోతూ మోకాళ్ళ దగ్గరికి వచ్చేసింది. ఊరందరి గుడ్డలూ ఉతికే మనిషి తనకు నిండుగా ఒక కోక ఉంచుకోలేదా అని మాస్టారికి చూసినప్పుడల్లా చికాకు.

"రేపట్నించి గుడ్డలు మీ మాల్యాద్రికి వేస్తాం. నువ్వు రావద్దు."

"అట్నే అయివోరా."

ఆ సాయంత్రం, రోజూలా అన్నం పెట్టించుకోడానికి గిన్నె పట్టుకుని ఆమె వాళ్ళ వాకిట్లోకి రాలేదు.

"పెద్దామెను అంత మాట అనకుండా ఉండాల్సింది," అంది భార్య కామాక్షమ్మ.

"నా అవస్థ నీకేం తెలుసు?"

నిజానికి ఆమెకు తెలుసు. కాపురం మైపాడు పక్క పల్లెలో. బడి మూడు మైళ్ళ అవతల. ఉప్పుగాలికి ఎదురు సైకిలు తొక్కి బడి చేరేసరికి మాస్టారు నిలువునా తడిసిపోయేవాడు. నెల్లూరులో షోకు మనుషులు టెర్లిన్ చొక్కాలు తొడుగుతున్న రోజులవి. ఈయనకున్నవి మూడే మూడు లాంక్లాత్ నూలు చొక్కాలు. రెండు బడికి, ఒకటి పెట్టెలో, పెళ్ళికో తిరునాళ్ళకో.

ఉద్యోగం ఇంకా టెంపరరీ. మార్చిలో ఇన్‌స్పెక్టరు వచ్చి, పాఠం విని, నాలుగు మంచి ముక్కలు రాస్తేనే ఖాయం. అందాకా ఆ చొక్కాలు నిలవాలి. ఆయన బెంగంతా అదే.

మాల్యాద్రి చెంచమ్మకు మరిది కొడుకు. చురుకైనవాడు. గుడ్డల మూలల్లో పెద్దమ్మ మాయని నల్లజీడి రసంతో పెట్టిన గుర్తులు చూసుకున్నాడు. ఏ ఇంటికి ఆ గుర్తు, మాస్టారింటికి మూడు చుక్కలు.

"గుర్తులు పెద్దమ్మవే ఉండనిస్తా అయివోరా. గంజి మాత్రం సూడండి ఇంక!"

మంగళవారానికల్లా చొక్కాలు వచ్చాయి. చంకలతో సహా ఫెళఫెళలాడుతున్నాయి. మాస్టారు తృప్తిగా నవ్వుకున్నాడు. ఆ ఏడాది ఆయన నవ్విన నవ్వు బహుశా అదొక్కటే.

మార్చి వచ్చింది. ఇన్‌స్పెక్టరూ వచ్చాడు.

మాస్టారు సుద్దముక్క తీసుకుని, బోర్డు పైవరసలో పాఠం పేరు రాద్దామని చెయ్యెత్తాడు.

చంకలో చొక్కా పర్రుమంది.

పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. మాస్టారు చెయ్యి ఒంటికి అదుముకుని, బోర్డు అడుగున రెండు ముక్కలు గీకి, మిగతా పాఠమంతా నోటితో లాగించాడు.

'నల్లబల్ల వాడకం బొత్తిగా లేదు. మరొక ఏడాది చూడవలెను,' అని రాసిపోయాడు ఇన్‌స్పెక్టరు.

ఇంటికొస్తూనే మాస్టారు మాల్యాద్రిని పిలిపించాడు.

"ఏందిరా ఇది? రెండో చొక్కా కూడా చంకలో చిట్లుతోంది!"

"గంజికి చెమట తగిల్తే గుడ్డ పెళుసెక్కతాది అయివోరా. చంకల్లో గంజి లేదనే గదా మీరు పెద్దమ్మని మానిపిచ్చినారు? మీరు అడిగినారని పెట్టినా."

మాస్టారు చిట్లిన చంకను వేలితో తడిమాడు.

"పైగా నేనుతికేది ఉప్పుబావి నీళ్ళతో. పెద్దమ్మయితే మీ గుడ్డలొకటీ వేరే మూటగట్టి మంచినీళ్ళ కాలవకి పొయ్యేది. రానూపోనూ ఐదు మైళ్ళు. అందుకే ఒకరోజు ఆలీసెం. నాకాడ అంత ఓపిక లేదు."

"మా ఒక్కరివేనా? ఎందుకు?"

"ఇంత చెమట గుడ్డలు ఊళ్ళో ఇంకెవురియ్యి? తను ఉతికిన గుడ్డ పదిమందిలో చిరిగితే తనకు నామర్దా అనేది."

"రేపు ఆమెను రమ్మను. నేను... నేనే మాట్లాడతా."

మాల్యాద్రి నేల చూపులు చూశాడు.

"మాఘమాసంలోనే పోయింది అయివోరా. మీకు తెలీదా?"

తెలీదు. ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. మాస్టారికి సిగ్గేసింది.

మాల్యాద్రి వెళ్ళిపోయాక కామాక్షమ్మ పెట్టె తెరిచింది. రేపు బడికి తొడుక్కోవడానికి ఆ మూడో చొక్కా తప్ప గతి లేదు. చెంచమ్మ ఉతికి ఇచ్చినప్పటి మడత మీదే ఉందది.

చంకలు గట్టిగా ఉన్నాయో లేదోనని తిరగేసింది.

"ఏమండీ, ఇట్రండి."

లోపల, రెండు చంకల్లోనూ అరచేతి మేర మెత్తని తెల్లగుడ్డ. పైకి కనబడని సన్నటి కుట్లు. చెమటంతా అది తాగేసి చొక్కాను కాపాడేలా పెట్టింది. మెత్తదనం గంజి లేక మాత్రమే కాదు, దీనివల్ల కూడా. బడి చొక్కాలకు ఉన్నవాటిని గంజి పట్టడానికి మాల్యాద్రి పీకేసి ఉంటాడు.

"ఎవరింట్లో కోక చింపి కుట్టిందో!" అన్నాడు మాస్టారు, నోటి అలవాటు పోక.

కామాక్షమ్మ కుట్లు విప్పి ఆ ముక్కను వాకిట్లో వెలుతురుకు పట్టింది. అది కొంగు మూల. సరిగ్గా ఇంటి గుర్తు ఉండాల్సిన చోటు.

ఇద్దరూ అటూ ఇటూ తిప్పి చూశారు. చుక్క లేదు, గీత లేదు.

ఊరు మొత్తంలో నల్లజీడి గుర్తు పడని కోక ఒక్కటే ఉండేది, చెంచమ్మ కట్టుకున్నది.