పేర్లు చెరిగిన గొంతులు

"పేర్లు పోయాయండీ. గొంతులు మాత్రం దక్కాయి."

సర్వరు బాగుచేసిన ఇంజినీరు ఆ మాట కాస్త గొప్పగానే చెప్పాడు. చెప్పుకోవాల్సిన పనే. ఆ ఆసుపత్రిలో గొంతు క్యాన్సర్ వార్డు రోగులు ఇంటివాళ్లకు చెప్పదలచుకున్న చివరి మాటలు రికార్డు చేసి పోయేవాళ్లు. మనిషి పోయి ఏడాది తిరిగాక వాటిని ఇంటివాళ్లకు అందజేసేవారు. అన్నిటినీ దాచిన సర్వరు ఉన్నట్టుండి కూలబడింది. దాన్ని లేపేసరికి ఇతని తలప్రాణం తోకకొచ్చింది. ఫైళ్లయితే బయటపడ్డాయి గానీ వాటి మీది పేర్లూ తేదీలూ తుడిచిపెట్టుకుపోయాయి. పరాయివాళ్లు వినకూడదని నియమం కాబట్టి, మాటల్లో పేర్లేమైనా దొర్లాయేమోనని కంప్యూటరు చేతే వెతికించారు. అలా అందరివీ తేలిపోయి చివరికి రెండు మిగిలాయి. ఆ రెండింటిలోనూ "అమ్మా" అన్న పిలుపు తప్ప ఒక్క పేరూ లేదు.

ఎదురుగా కుర్చీల్లో ఇద్దరు తల్లులు. ఒకామె రిటైరైన టీచరమ్మ. రెండో ఆమె బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఇద్దరికీ ఒక్కొక్కడే కొడుకు. ఇద్దరు కొడుకులూ పక్కపక్క మంచాల మీదే పోయారు.

"ఏది ఎవరిదో మీరే పోల్చుకోవాలి," అన్నాడు ఇంజినీరు. "సౌండు కూడా అక్కడక్కడా దెబ్బతింది. ముందు ఎవరు వింటారు?"

"టీచరమ్మగారే వినాలి బాబూ," అంది కుట్టుపనావిడ. "నా బతుకు నన్ను వాడి పక్కన కూర్చోనిచ్చిందా? ఆదివారం ఆదివారం వచ్చి చూసుకుని పోయేదాన్ని. బొంగురుపోయాక వాడి గొంతు నేను సరిగ్గా విన్నదే లేదు. ఆవిడైతే రాత్రింబవళ్లు అక్కడే."

"ఆ గొంతులు నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తాయి?" అంది టీచరమ్మ. "కన్నదాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా?"

మాటైతే గట్టిగానే వచ్చింది గానీ లోపల దడగానే ఉంది. చివరి నెలంతా కొడుకు ఆమెతో నోరు విప్పలేదు. డాక్టరు మాట్లాడొద్దన్నాడని అందరికీ చెప్పుకుంది. మనసులో ఏం పెట్టుకుని పోయాడో తెలియక ఏడాదిగా ఆమెకు అన్నం సయించలేదు. పోతూ పోతూ తనకోసం ఒక్క మంచి మాట వదిలిపోయి ఉంటే చాలు, మిగిలిన బతుకు దాన్ని పట్టుకుని ఈడ్చేయవచ్చు.

లోపలి గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మొదటి ఫైలు మొదలైంది.

"అమ్మా, నేను పోయాక ఏడవకు. నీ ఏడుపు నాకక్కర్లేదు. నీకెప్పుడూ నీ పనే ముఖ్యం. జ్వరంతో మూలుగుతున్నా గదిలో పెట్టి తాళం వేసుకుని పోయావు. ఆ తాళం చప్పుడు నేను మరిచిపోలేదు. నువ్వు చచ్చేదాకా గుర్తుపెట్టుకో."

టీచరమ్మ హెడ్‌ఫోన్స్ లాగి బల్ల మీద పెట్టింది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఇంజినీరు తలుపు దగ్గర నుంచి.

"ఛ, ఇది మావాడిది కాదు. మావాడు నన్ను పల్లెత్తు మాట అని ఎరగడు. రెండోది పెట్టు."

"అమ్మా, అలిసిపోయి ఉంటావు. కాస్త కాళ్లు చాపుకుని కూర్చుని విను. నీ కళ్ల కింది నలుపు చూసినప్పుడల్లా, నిన్ను సగం అరగదీసింది నేనే కదా అనిపించేది. ఇక ఆ పరుగులు చాలు. మధ్యాహ్నం పూట కాసేపు పడుకో. నా మాటగా పడుకో."

టీచరమ్మకు దుఃఖం కట్టలు తెంచుకుంది. చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఏడాదిగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయినట్టయింది.

"ఇదే," అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇదే నాది."

"ఖాయమేనా అమ్మా? మీకిచ్చాక సర్వర్లోంచి తీసేస్తాం. ఆవిడ వినడానికి కూడా ఉండదు."

"తల్లిని అడిగే మాటేనా అది?"

అతను సిగ్గుపడి ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. సర్వర్లోంచి చెరిపేశాడు. టీచరమ్మ దాన్ని చేతిసంచిలో భద్రంగా దాచుకుంది.

తర్వాత కుట్టుపనావిడ లోపలికి వెళ్లింది. నవ్వుముఖంతో వెళ్లిన మనిషి గోడ పట్టుకుని బయటికి వచ్చింది.

"మావాడే అయ్యుంటాడు," అంది. "ఇంకెవరున్నారు? జ్వరంలో తాళం వేసి పోయానట. నేనెప్పుడూ ఇంట్లోనే కదమ్మా మిషను తొక్కేది? తాళం వేసిన గుర్తే లేదు. వేసే ఉంటాను. నేనే మరిచిపోయి ఉంటాను. వాడు అబద్ధం చెప్పే పిల్లాడు కాదు."

"ఆ నొప్పి అలా మాట్లాడిస్తుంది. మనసులో పెట్టుకోకు," అంది టీచరమ్మ ఆమె వీపు నిమురుతూ.

"మీవాడు ఏమన్నాడమ్మా?"

టీచరమ్మ కాస్త తడబడింది. "మధ్యాహ్నం పూట కాసేపు పడుకోమన్నాడు."

"అదృష్టవంతులు," అంది ఆవిడ కళ్లొత్తుకుంటూ. "ఆదివారం వస్తే మావాడూ అదే అనేవాడు, కాసేపు పడుకోవే అమ్మా అని. ఎంత మారిపోయాడో చూడండి."

టీచరమ్మ చేతిసంచిని గుండెలకు హత్తుకుని మెట్లు దిగింది.

మొదటి ఫైల్లో "అమ్మా" అన్నప్పుడే ఆమె తన కొడుకు గొంతు పోల్చుకుంది.