నీది ఏ రకం బ్యాంకు బిడ్డా

“దసరాకు నీకు శాలువ కప్పిన సూడు, గది వాపస్ ఇయ్యి,” అన్నాడు పోశన్న.

అంకితకు నవ్వొచ్చింది. ముంబై నుంచి బోధన్‌లోని ఇంటికి వచ్చి ఇంకా బ్యాగు కూడా విప్పలేదు. పొద్దున్నే ఆయన వేల్పూర్ నుంచి బస్సెక్కి వచ్చి శాలువా వాపస్ అడిగితే ఎవరికైనా నవ్వే వస్తుంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ముఖం చూశాక మాత్రం నవ్వు ఆగిపోయింది.

“ఏమైంది మామా?”

“నీది అసలు బ్యాంకేనా? ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకంటే పైసలు దాసుకునే బ్యాంకే కాదని మా అల్లుడు చెప్పిండు. మరి బ్యాంకు ఆఫీసర్నని శాలువ ఎట్ల కప్పిచ్చుకున్నవ్?”

అంకితకు ఒళ్లు మండింది. ఏం, తాను దొంగతనంగా కప్పించుకుందా? చక్కెర ఫ్యాక్టరీ మూతబడి బాపు జీతం పోయినా, ఆయన దొరికిన పనల్లా చేసి ఆమెను చదివించాడు. ఉద్యోగం వచ్చాక దసరా సెలవుల్లో కారు మాట్లాడి వేల్పూర్, మాక్లూర్, మెండోర తిప్పాడు. ప్రతి ఊళ్లో కుల సంఘం భవనంలో నలుగురినీ పిలిచి ‘ఇది నా బిడ్డ’ అని చూపించుకున్నాడు. కన్నతండ్రి అంత మురిసిపోతుంటే వద్దంటుందా? తాను రెండు ముక్కలు మాట్లాడి కూర్చుంటే, మిగతాదంతా బాపే మాట్లాడాడు.

విసురుగా లోపలికి వెళ్లి, బీరువాలోంచి ఆ శాలువా తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

“తీస్కపో మామా. కానీ నా కొలువును దొంగ కొలువంటే ఊకోను. నువ్వు పసుపు నిజామాబాద్ యార్డుకు తీస్కపోతవ్ గదా. కొనేటోనికి, నీకు నడుమ ఒకాయన బేరం కుదుర్చి కమీషన్ తీసుకుంటడు. మాది గదే పని. పసుపు బదులు కంపెనీలు అమ్మిపెడతం.”

“అంటే దలాల్.”

“గట్లనే అనుకో.”

“దలాల్‌కు బ్యాంకని పేరెందుకు?”

దీనికి లండన్‌లో చదివినవాళ్ల దగ్గర కూడా సరైన జవాబు ఉండదు. అంకిత దాటేసింది.

“గివి ఎన్ని తీర్లుంటయ్?” పోశన్న వదల్లేదు.

“మస్తుంటయ్. న్యూయార్క్, లండన్ పెద్దవి దేశదేశాల బేరాలు చేస్తయ్. సర్కార్లకు గూడ అప్పు పుట్టిస్తయ్. నడిమివి ఒక్క దేశంలనో, ఒక్క ఇలాకలనో తిరుగుతయ్. చిన్నవి ఒక్క లైనే పట్టుకుంటయ్. దవాఖానలయితే దవాఖానలే, చక్కెర మిల్లులయితే మిల్లులే. సలహా చెప్తయ్, ఫీజు తీసుకుంటయ్. మాది గా చిన్న తీరుదే.”

“చిన్నదా? దునియాలనే పెద్దదన్నరు గదా.”

“ఎవరన్నరు?”

పోశన్న తలెత్తి చూశాడు. ఇంటి మీద కొత్తగా లేస్తున్న అంతస్తుకు సెంట్రింగ్ కట్టెలు నిలబెట్టి ఉన్నాయి.

“వేరే దేశాలల్ల?”

“జర్మనీ, ఫ్రాన్స్ దిక్కు పెద్ద బ్యాంకులు రెండు పనులు చేస్తయ్. కానీ డిపార్ట్‌మెంట్లు వేరు. డిపాజిట్లు తీసుకునేటోళ్లు వేరు, ఈ బేరాలు చేసేటోళ్లు వేరు.”

“గల్ఫ్‌ల?”

“గల్ఫ్‌ల గూడ గంతే మామా.”

“గిన్ని తీర్లల్ల వేల్పూర్‌కొచ్చి రైతు దగ్గర డిపాజిట్ తీసుకునేది ఒక్కటన్న ఉందా?”

“లేదు. మా బ్యాంకుకని చెప్పి ఎవడన్న డిపాజిట్ అడిగిండంటే వాడు దొంగ.”

పోశన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“మా ఇంటామె శంకరమ్మ బీడీల పీఎఫ్ పైసలు అన్ని ఇచ్చినం బిడ్డా. రేకులు తీసి స్లాబు ఏసుకుందామని దాసుకున్నది. తంబాకు వాసనకు దగ్గుకుంట చేసింది గా బీడీలు. ‘అంకిత బ్యాంకు’ల ఏస్తే డబుల్ అయితయన్నరు. ఇప్పుడు అడిగితే పైసలు ముంబై నుంచి ఇంక రాలేదంటున్నరు. మా ఒక్క ఊరే కాదు. మాక్లూర్ల, మెండోరల గూడ ఇచ్చిండ్రు.”

అంకితకు రక్తం సలసల మరిగింది. ఎవడో ముఖం తెలియనివాడు తన పేరును ఊరూరా తిప్పి అమ్ముకున్నాడు. ముసలామె ఊపిరితిత్తులు అరగదీసి సంపాదించింది తిన్నాడు. వాడికి అన్నం ఎట్లా సహిస్తున్నదో.

“నా పేరు మీద తిన్నడా? నడువు మామా, పోలీస్ స్టేషన్‌కు పోదాం. కంప్లైంట్ నేనే ఇస్త. వానికి బేడీలు పడేదాక ముంబై పోను.”

“అన్నను చాయ్ తాగుమను అంకితా,” లోపలి నుంచి తల్లి వసంతమ్మ అంది. “బాపు అంగడికి పోయిండు. వచ్చినంక మాట్లాడుకుంటరు.”

“బాపు వస్తే ఇంక మంచిదాయె,” అంది అంకిత చెప్పులు తొడుక్కుంటూ. “గీ ఊర్లన్నిట్ల బాపుకు తెల్వనోళ్లు లేరు. వాడు యాడున్నా మెడ పట్టుకొని తీసుకొస్తడు.”

పోశన్న ఆమె వైపు చూశాడు. వచ్చినప్పటి కోపం ఆయన ముఖంలో లేదు.

“నీకు నిజంగనే ఏం తెల్వదా బిడ్డా?”

“తెలిస్తే ఊకుందునా? పేరు చెప్పు మామా. ఎవడన్న కానీ, ఇడిసిపెట్ట.”

పోశన్న పక్కనున్న శాలువాను మెల్లగా మళ్లీ ఆమె వైపే జరిపాడు.

“మీ బాపు,” అన్నాడు.