ఆ షాపుకే తీసుకెళ్ళు

"ఇలా బట్టలో చుట్టి, కలరా ఉండలు వేసి దాచారేంటండీ? ఇది లాప్‌టాపా, పెళ్ళి బట్టలా?"

మెకానిక్ అన్న మాటకి కౌంటర్ ఇవతల నిలబడ్డ తండ్రికి కోపం రావాల్సిందే. రాలేదు. తప్పు తనదే మరి! ఏడాదిగా బీరువాలో ప్రాణంగా దాచాడు. నిన్న కూతురి పోరు పడలేక బయటికి తీసి బటన్ నొక్కితే, ఉలుకూ లేదు, పలుకూ లేదు. సాకెట్ మార్చాడు, పక్కింటివాళ్ళ చార్జర్ అడిగి తెచ్చాడు, బతిమాలాడు, తిట్టాడు. చిన్న లైటు వెలిగితే ఒట్టు.

"చార్జింగ్ లేకుండా ఇన్నాళ్ళు పడుంటే బ్యాటరీ చచ్చిపోదూ? చూడండి, ఎలా ఉబ్బిందో!"

"అది మార్చేస్తే వచ్చేస్తుందా?"

"బోర్డు కూడా పోయి ఉండొచ్చు. లోపల ముఖ్యమైనవేమన్నా ఉన్నాయా?"

"మా అమ్మ గొంతుంది అంకుల్" అంది పక్కనే ఉన్న ఎనిమిదేళ్ళ పాప.

నిజమే. తల్లి రోజుకో కథ చెప్పి అందులో రికార్డు చేసేది. ఇంకోచోట కూడా దాచి పెట్టమని భర్తని ఎన్నిసార్లు అడిగిందో! చూద్దాంలే అంటూ కాలం గడిపేశాడు మహానుభావుడు. పోయిన వారం పాప "నాన్నా, అమ్మ గొంతెలా ఉండేదో మర్చిపోతున్నా" అన్నప్పటి నుంచీ అతనికి ముద్ద దిగడం లేదు.

ఆ షాపులో ప్రతి మిషన్ మీదా ఓ చీటీ అంటిస్తారు. మెకానిక్ పెన్ను తీశాడు. "ఎవరి పేరు రాయను?"

"మా ఆవిడ పేరే రాయండి. పెళ్ళికి ముందు కొనుక్కుంది" అంటూ పుట్టింటి ఇంటిపేరుతో సహా చెప్పాడు. "తను పోయి ఏడాదైంది."

మెకానిక్ రెండక్షరాలు రాసి ఆగిపోయాడు. "దిక్కుమాలిన పెన్ను, రాసి చావదు" అని గొణుక్కుంటూ లోపల గదిలోకి వెళ్ళాడు.

వెళ్ళినవాడు ఎంతకీ రాడే! పని పెద్దదని ముఖం చాటేశాడేమోనని తండ్రి కంగారు పడ్డాడు. చివరికి వచ్చాడు. మొహం కడుక్కున్నాడు కాబోలు, చొక్కా ముందంతా తడిసి ఉంది.

"ఇక్కడికే రమ్మని ఎవరు చెప్పారు మీకు?" స్క్రూలు విప్పుతూ అడిగాడు.

"మా ఆవిడేనండీ. మా వీధిలోనే మూడు షాపులున్నాయి. ఇక్కడికి రావాలంటే రెండు బస్సులు మారాలి. అయినా సరే, ఇది పాడైతే ఆ షాపుకే తీసుకెళ్ళు, అతని చేతిలో పడితే బాగుపడుతుంది అనేది. ఇదివరకు మీ దగ్గర చేయించుకుందేమో."

"లేదు. ఒక్కసారి కూడా రాలేదు. వచ్చుంటే బాగుండేది."

తండ్రి తల దించుకున్నాడు. "ఆ పాపం నాదే. చార్జింగ్ సరిగ్గా ఎక్కడం లేదు, ఆ షాపుకి వెళ్దాం రమ్మని అడిగేది. ఇదిగో అదిగో అని నేనే వాయిదా వేశాను. గట్టిగా దెబ్బలాడే మనిషి కాదండీ. పెళ్ళికి తన తరఫున ఒక్కరూ రాకపోయినా పల్లెత్తు మాటనలేదు."

 మెకానిక్ లైటు దగ్గరికి లాక్కుని బోర్డు మీదకి వంగాడు.

ఉబ్బిన బ్యాటరీని పక్కన పెట్టాడు. మీటరు తీగల మొనలతో ఒక్కో చోటా తాకి చూశాడు. "ఫైళ్ళున్న చిప్పు బోర్డుకే అతికి ఉంది, విడిగా తీయడానికి లేదు. బోర్డు బతికితేనే లోపలివి దక్కేది" అన్నాడు. 

ఇంకెవరో పనిమీద వస్తే "రేపు రండి" అని పంపేశాడు. భోజనం వేళ దాటింది. కదిలితేనా!

"పాపా, నీ పెన్సిల్ బాక్సులో రబ్బరుందా?"

పాప స్కూలు బ్యాగులోంచి తీసిచ్చింది. ర్యామ్ ముక్క ఊడదీసి, దాని అంచుల్ని ఆ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్ళీ బిగించాడు. చార్జర్ పెట్టి బటన్ నొక్కాడు.

ఫ్యాన్ గిర్రుమంది. తెర వెలిగింది.

"వచ్చింది! నాన్నా, వచ్చింది!" పాప గంతులేసింది. ఆ సంబరం రెండు నిమిషాలే. తెర పాస్‌వర్డ్ అడిగింది.

తండ్రి పాప పేరు కొట్టాడు. కాదంది. పుట్టినరోజు, పెళ్ళిరోజు. ఊహూఁ. పదేళ్ళు కాపురం చేసిన మనిషి మనసులో ఏ మాట ఉందో తనకి తెలియదని అప్పుడు అర్థమైంది అతనికి. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇంకొక్కసారి తప్పు కొడితే ఇక తెరుచుకోదు. ఇలా ఇవ్వండి" అన్నాడు మెకానిక్.

లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. ఒక్కో అక్షరమే కొట్టాడు. తెరుచుకుంది! ఇలాంటి తాళాలు తీయడం వీళ్ళకి ఎడమచేతి పని కాబోలు అనుకుని తండ్రి రెండు చేతులూ జోడించాడు.

పాప ఓ ఫైలు నొక్కింది.

"బంగారూ, నిద్రొస్తోందా? కళ్ళు మూసుకో మరి, కథ చెప్తా..."

అదే గొంతు. పాప లాప్‌టాప్‌కి చెంప ఆనించి కదలకుండా ఉండిపోయింది. తండ్రి వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి పాప తలెత్తి చూసింది. మెకానిక్ గోడవైపు తిరిగి, నోట్లో గుడ్డ కుక్కుకుని నిలబడ్డాడు. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి.

"అంకుల్, మీరెందుకేడుస్తున్నారు? మా అమ్మ మీకు తెలీదుగా!"

అతను పాప ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తెలుసమ్మా. ఆ పాస్‌వర్డ్ మీ అమ్మ నన్ను పిలిచే ముద్దుపేరు" అన్నాడు.

"అంకుల్ కాదమ్మా, నీ మేనమామని."