పొయ్యేటప్పటి మాట

మెదక్ చర్చి వెనక గల్లీలో రెబెకా ఒక్కతే కూర్చుని సినిమాలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తోంది. ఈ వారం నాలుగు సినిమాలు. నాలుగూ నెత్తురు తాగేవాడి గురించిన ఒకే పాత ఇంగ్లిష్ నవల నుంచి తీసినవే. నలుపు తెలుపుల రెండింట్లో గొంతు చీలిన చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. రంగుల దాంట్లో నెత్తురు గోడ మీదికి చిమ్ముతుంది. కొత్తదాంట్లో కెమెరా గాయంలోకే పోతుంది. ఇన్నేళ్లలో మారనిది ఒక్కటే: ఇంట్లోవాళ్లు రమ్మంటే తప్ప ఆ నెత్తురు తాగేవాడు గడప దాటలేడు.

ఎనిమిదింటికి ఎవరో తలుపు తట్టారు. తీస్తే తెల్లచొక్కా ముసలాయన. చెప్పులు గడపకు వెంట్రుకవాసి దూరంలో ఆగి ఉన్నాయి.

"జయానందం సారోల్లిల్లు ఇదేనా, బిడ్డా?"

"కాదండి. పక్కిల్లు, నీలం గేటు."

"మంచిది. వస్త మరి."

"మంచిది, రాండ్రి," అని అలవాటుగా అనేసి, తలుపేసి గడియ పెట్టింది.

కాసేపటికి పక్కింట్లోంచి సారు భార్య జ్ఞానమ్మ గొంతు వినబడింది. "లోపటికి రాండ్రి, కూసోండ్రి."

ఆ వెంటనే ఇంకో చప్పుడు. ఆ చప్పుడు రెబెకాకు తెలుసు. పొద్దుటినుంచి పదిసార్లు విన్నదే. జయానందం సారు కేక సగంలో తెగిపోయింది. గోడ మీద ఏదో చిమ్మినట్టు వినిపించింది.

తడిసిన చెప్పులు ఆమె తలుపు దాకా వచ్చి ఆగాయి. నేను పిలవలేదు, లోపలికి రమ్మనలేదు అనుకుంటూ రెబెకా నోరు మూసుకుంది.

గడియ దానంతటదే కదిలింది.

"పొయ్యేటప్పుడు రమ్మన్నవు గద, బిడ్డా."